ఇజాల పటంలో ఇమడని బొమ్మలు

1936లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ క్యూబిజం మీద, నైరూప్య కళ మీద ఒక పెద్ద ప్రదర్శన పెట్టింది. ఆ మ్యూజియం తొలి డైరెక్టరు ఆల్‌ఫ్రెడ్ బార్ తయారుచేసిన ఒక పటాన్ని కేటలాగు అట్టమీద అచ్చువేశారు. పైన 1890, అడుగున 1935, అంచు వెంబడి అయిదేళ్లకొక అంకె. సెజాన్, వాన్‌గో, గోగాన్, సోరా పేర్ల దగ్గర బయల్దేరిన బాణాలు ఫావిజం, క్యూబిజం, ఫ్యూచరిజం, సుప్రిమాటిజం, డాడాయిజం, సర్రియలిజం మీదుగా దిగుతూ చివరికి రెండు రకాల నైరూప్య కళలో కలుస్తాయి. జపాన్ అచ్చుబొమ్మలు, ఆఫ్రికా శిల్పాలు, యంత్రాల అందం మాత్రం ఎర్రరంగులో పక్కన నిలబడి ఉంటాయి, పెళ్లికి వచ్చి చదివింపులు ఇచ్చి వెళ్లిపోయే దూరపు చుట్టాల్లాగా. ఈ పటాన్ని స్వయంగా చూసినవాళ్లు తక్కువే కావచ్చు. కానీ ఆధునిక చిత్రకళ గురించి ఎక్కడ చదివినా చేతికందే వరస దాదాపు ఇదే: ఒక ఇజం పుట్టింది, ఇంకొకటి దాన్ని కూలదోసింది, అలా మెట్టుమెట్టుగా బొమ్మలోంచి మనిషీ చెట్టూ కొండా మాయమైపోయి రంగూ గీతా మిగిలాయి. విషయసూచికగా ఈ వరస బాగానే పనిచేస్తుంది. చరిత్రగా మాత్రం నమ్మదగింది కాదు. రంగులు మారినప్పుడు, కొనేవాళ్లు మారినప్పుడు, చూసేవాళ్లు మారినప్పుడు ఒక్కో చిత్రకారుడు తన ఎదుట ఉన్న చిక్కును తన పద్ధతిలో విప్పుకున్నాడు. ఇజాల పేర్లు చాలామటుకు ఆ తర్వాత వచ్చి అతుక్కున్నవే.

ఆ పేర్లు ఎలా వచ్చాయో చూస్తేనే సగం సంగతి తేలిపోతుంది. 1874 ఏప్రిల్‌లో పారిస్‌లో, ఫొటోగ్రాఫర్ నదార్ ఖాళీ చేసిన స్టూడియోలో, సుమారు ముప్ఫైమంది చిత్రకారులు కలిసి సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. వాళ్లు తమ బృందానికి పెట్టుకున్న పేరులో సిద్ధాంతం వాసనే లేదు. చిత్రకారులు, శిల్పులు, ఎన్‌గ్రేవర్ల వాటాదారుల సంఘం అన్నారంతే. మోనే గీసిన లె హావ్ర్ రేవు ఉదయం బొమ్మకు ‘ఇంప్రెషన్’ అన్న మాట తగిలించి ఉండటం చూసి లూయీ లెరోయ్ అనే పత్రికా రచయిత ఒక హాస్య పత్రికలో ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళే ఇంప్రెషనిజం. 1905లో మతీస్ బృందం రంగులు చూసి లూయీ వోసెల్ అనే విమర్శకుడు అడవి మృగాలన్నాడు, అది ఫావిజం. 1908లో బ్రాక్ బొమ్మల్లో ఇళ్లు ఘనాల్లా ఉన్నాయని విసుక్కున్నదీ ఆయనే, అది క్యూబిజం. ఇక పోస్ట్ ఇంప్రెషనిజం సంగతి మరీ విచిత్రం. 1910లో లండన్‌లో రోజర్ ఫ్రై తన ప్రదర్శనకు ఒక పేరు కావలసివచ్చి దాన్ని కల్పించాడు. అప్పటికి వాన్‌గో పోయి ఇరవై ఏళ్లు. సోరా, గోగాన్, సెజాన్ కూడా లేరు. తాము ఒక ఉద్యమంలో ఉన్నామన్న సంగతి ఆ ఉద్యమానికి మూలపురుషులైన నలుగురిలో ఒక్కరికీ తెలియదు. ఫ్యూచరిస్టులూ సర్రియలిస్టులూ ముందు ప్రకటన రాసి తర్వాత బొమ్మలు వేసినమాట నిజమే. అయితే ఫ్యూచరిస్టు ప్రకటన 1909 నాటిది, సర్రియలిస్టు ప్రకటన 1924 నాటిది. ఇజం అంటే ప్రకటన ఉండాలన్న ఆచారం మొదలయ్యేనాటికి అసలు మలుపులు చాలావరకు తిరిగిపోయాయి.

మరి ఆ మలుపులు తిప్పిందేమిటి? మొదట రంగు డబ్బాలోకి చూడాలి. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు మడిచి పిండగలిగే తగరపు ట్యూబుకు పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు నూరిన రంగును పంది మూత్రాశయపు సంచుల్లో కట్టి దాచేవారు, సూదితో పొడిచి వాడేవారు. పొడిచాక అది ఎండిపోయేది. తైలవర్ణాలతో ఆరుబయట రోజంతా పనిచేయడం అంతకుముందు అసాధ్యం కాకపోయినా పెద్ద ప్రయాస. ట్యూబు వచ్చింది, దాని వెనకే పారిస్ నుంచి సెన్ నది పల్లెలకు రైలు వచ్చింది. రసాయనశాస్త్రం కొత్త రంగులను తెచ్చిపెట్టింది: కోబాల్ట్ నీలం, క్రోమ్ పసుపు, విరిడియన్ ఆకుపచ్చ. అఫ్గనిస్తాన్ గనుల నుంచి వచ్చే లాజవర్ద రాయిని నూరి తీసే అల్ట్రామెరీన్ నీలాన్ని 1820ల చివర్లో ఫ్రాన్స్‌లో కృత్రిమంగా చౌకగా తయారుచేయడం నేర్చారు. అంతకాలం మేరీమాత వస్త్రానికి పొదుపుగా వాడిన రంగును మోనే తరంవాళ్లు నీటి మీద నీడకు దండిగా వాడారంటే, కంటిచూపుతో పాటు కొట్టువాడి చిట్టా కూడా మారింది. 1839లో ఫొటో వచ్చి పోలిక దింపే పనిని చౌక చేసింది. ఇక మూడోది కొనేవాళ్ల సంగతి. ఏడాదికోసారి జరిగే సర్కారీ సలోన్‌లో బొమ్మ వేలాడకపోతే చిత్రకారుడికి బతుకు లేని రోజులవి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ గదులు తిరిగినవారికి ఆ అభిరుచి ఎలాంటిదో తెలుసు: కుంచె జాడ కనబడని నున్నదనం, పట్టు మెరుపు, కథ చెప్పే ముఖాలు. 1863లో సలోన్ జ్యూరీ వచ్చిన బొమ్మల్లో సగానికి పైగా తిప్పికొట్టడంతో గొడవయ్యింది. మూడో నెపోలియన్ తిరస్కృతులకు వేరే ప్రదర్శన పెట్టించాడు. మానే గీసిన ‘గడ్డి మీద భోజనం’ జనం చూసి నవ్వుకున్నది అక్కడే. ఆ తర్వాత డ్యూరాన్ రుయెల్ లాంటి వ్యాపారులు దిగారు. జ్యూరీ కోసం గోడంత బొమ్మ గీయనక్కర్లేదు, డాక్టరుగారి హాలులో పట్టే బొమ్మ చాలు. 1886లో ఆయన దాదాపు మూడు వందల కాన్వాసులు ఓడలో న్యూయార్క్ తీసుకెళ్లాడు. ఇంప్రెషనిస్టులకు నిలకడైన మార్కెట్ దొరికింది సొంత ఊరికంటే ముందు అక్కడే. క్యూబిజానికి కూడా ఇదే వర్తిస్తుంది. 1908లో బ్రాక్ బొమ్మలను సలోన్ దోతోన్ జ్యూరీ వెనక్కి పంపింది. ఆ జ్యూరీలో మతీస్ కూడా ఉన్నాడు! కాన్‌వైలర్ అనే యువ వ్యాపారి వాటిని తన చిన్న గ్యాలరీలో పెట్టాడు. మరికొన్నేళ్లకు పికాసోతోనూ బ్రాక్‌తోనూ కాంట్రాక్టులు రాసుకున్నాడు. 1910–12 నాటి ఆ గోధుమ, బూడిద రంగుల చిన్న కాన్వాసులు దగ్గర కూర్చుని చాలాసేపు చూస్తే తప్ప అంతుపట్టవు. వేల బొమ్మలు ఒకదానిమీద ఒకటి వేలాడే సలోన్ గోడ మీద అలాంటి బొమ్మకు బతికే వీలుండేది కాదు. నెల గడిచే భరోసా, నలుగురైదుగురు ఓపికగల కొనుగోలుదార్లు ఉన్నందువల్లే అంత గుసగుసగా మాట్లాడే చిత్రం సాధ్యమైంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావలసిందే. ట్యూబులూ రైళ్లూ వ్యాపారులూ అందరికీ ఒకటే కదా, ఆ ట్యూబులే కొన్న బూగ్రో చివరిదాకా నున్నని అప్సరసలనే గీశాడు కదా అని. ఒప్పుకోవాలి. వస్తువులు దారి తెరుస్తాయి, ఆ దారిన ఎవరు ఎటు నడుస్తారో చెప్పవు. అది చెప్పేది చిత్రకారుడు పట్టుకున్న ప్రశ్న. సెజాన్‌ను చూడండి. 1874 ప్రదర్శనలో ఆయన బొమ్మలు కూడా ఉన్నాయి కనుక ఆ లెక్కన ఇంప్రెషనిస్టే. కానీ క్షణక్షణం మారే వెలుగు ఆయనకు చాలలేదు. ఎక్స్ దగ్గర సెంత్ విక్త్వార్ కొండను పదేపదే గీసినా, బల్ల మీద ఆపిళ్లను వాడిపోయేదాకా చూసినా, ఆయన వెతికింది ఒకటే: కంటికి కనబడే రంగుతోనే వస్తువుకు బరువు, నిలకడ తేవడం ఎలా? అందుకే బల్ల అంచు గుడ్డకు ఇటూ అటూ ఒకే గీతలో ఉండదు, పళ్లెం ఒక వైపు నుంచి, కూజా ఇంకో వైపు నుంచి చూసినట్టుంటాయి. 1907లో, ఆయన పోయిన మరుసటి ఏడు, సలోన్ దోతోన్‌లో సెజాన్ స్మారక ప్రదర్శన జరిగింది. బ్రాక్, పికాసో ఆయన దగ్గర తీసుకున్నది ఆ పలు దిక్కుల చూపు. మతీస్ మాత్రం 1899లోనే, చేతిలో డబ్బు లేకపోయినా, వోలార్ అనే వ్యాపారి దగ్గర సెజాన్ ‘స్నానమాడే ముగ్గురు స్త్రీలు’ బొమ్మ కొనుక్కున్నాడు, దశాబ్దాలు దగ్గర ఉంచుకున్నాడు. ఆయన నేర్చుకున్నది రంగుల మధ్య తూకం. పెద్దాయన ఒకరే, వారసులు తీసుకెళ్లిన ఆస్తులు వేరు. పటంలో బాణం ఎవరి నుంచి ఎవరికి అన్నది చూపగలదు. ఏది చేరింది, ఎందుకు అదే చేరింది అన్నది చూపలేదు.

కాలక్రమం లెక్క కూడా కుదరదు. 1921 వేసవిలో పికాసో ఫోంతెన్‌బ్లోలో అద్దె ఇంట్లో ఉండి ‘ముగ్గురు వాద్యకారులు’ గీశాడు. కత్తిరించి అతికించిన కాగితాల్లా కనబడే అచ్చమైన క్యూబిస్టు చిత్రమది. అదే వేసవిలో, అదే ఇంట్లో, రాతివిగ్రహాల్లా బరువైన ఒంటితో ‘ఊట దగ్గర ముగ్గురు స్త్రీలు’ గీశాడు, రోమన్ శిల్పం చూసి గీసినట్టుగా. మెట్ల లెక్కలో చూస్తే ఆ మనిషి పొద్దున ముందుకెళ్లి సాయంత్రం వెనక్కి వచ్చాడనాలి. మోనే సంగతి ఇంకా తమాషా. క్యూబిజం, డాడా, సుప్రిమాటిజపు నల్ల చతురస్రం అన్నీ అయిపోయాక కూడా, కళ్లలో శుక్లాలతో, 1926లో చనిపోయేదాకా కలువకొలను గీస్తూనే ఉన్నాడు. ఆ బొమ్మలు పాతబడిన ముసలాయన పనిలా పక్కన పడి ఉన్నాయి. జాక్సన్ పొలాక్ తరం అమెరికాలో అంచుల్లేకుండా కాన్వాసంతా పరుచుకునే రంగును జనానికి అలవాటు చేశాకే 1955లో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఒక పెద్ద కలువల చిత్రం కొన్నది. (మూడేళ్లకు మ్యూజియంలో అగ్నిప్రమాదం జరిగి అది కాలిపోయింది, వేరేవి కొనుక్కున్నారు.) తర్వాతివాళ్లు ముందువాళ్లను మార్చేశారన్నమాట. బాణం కిందినుంచి పైకి పోయింది. ఇక స్వీడన్‌కు చెందిన హిల్మా ఆఫ్ క్లింట్ 1906–07లోనే మనిషి ఎత్తును మించిన నైరూప్య చిత్రాలు వేసి, తను పోయాక ఇరవై ఏళ్లదాకా చూపించవద్దని రాసిపెట్టింది. 1944లో పోయింది. 1986లో లాస్ ఏంజెలెస్‌లో ప్రదర్శనకు పెట్టేదాకా బయటి లోకానికి ఆమె ఊసే తెలియదు. మొదటి నైరూప్య చిత్రం కాండిన్‌స్కీదా ఇంకొకరిదా అని పేజీలకు పేజీలు వాదించుకున్నవారి పందెం అలా చెల్లకుండా పోయింది. నన్నడిగితే ఎవరు ముందన్న ప్రశ్నే చిత్రకళకు సంబంధించింది కాదు, అది పేటెంటు ఆఫీసుది.

మెట్ల వాదాన్ని గట్టిగా వినిపించినవాడు అమెరికన్ విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్. చిత్రకళ తనది కానిదాన్ని, అంటే కథను, శిల్పపు గుండ్రదనాన్ని, లోతు భ్రమను ఒక్కొక్కటే వదిలించుకుంటూ చదునైన కాన్వాసు అనే తన సొంత స్వభావానికి చేరుకుంటోందన్నది ఆయన వాదన సారాంశం. తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. మానే నుంచి మాండ్రియన్ దాకా ఒక సన్నని దారిని అది నిజంగానే వివరిస్తుంది. మాండ్రియన్ చెట్టు ఏళ్లు గడిచేకొద్దీ గీతలైపోవడం కళ్లకు కడుతుంది. కానీ ఆ దారి ఒక్కటే రాజబాట అంటే 1937 నాటి పికాసో ‘గెర్నికా’ను ఏంచేయాలి? డియేగో రివేరాను ఏంచేయాలి? మెక్సికో నుంచి వెళ్లిన రివేరా 1913 నుంచి నాలుగైదేళ్లు పారిస్‌లో మంచి క్యూబిస్టుగా పేరు తెచ్చుకున్నాడు. తర్వాత ఇటలీ వెళ్లి గోడచిత్రాలు చూశాడు. 1921లో స్వదేశం చేరి, విద్యాశాఖ భవనం గోడల నిండా రైతులనూ గని కూలీలనూ పండగలనూ గీశాడు. గ్రీన్‌బర్గ్ కొలబద్దకు అది వెనకడుగు. అసలు జరిగింది వేరు. చూసేవాడు మారాడు. గ్యాలరీలో ఒంటరిగా నిలబడే సంపన్నుడి స్థానంలో, విప్లవం నుంచి అప్పుడే బయటపడి చాలామటుకు చదువురాని దేశం నిలబడింది. ఆ కూలీల వరసల్లో క్యూబిజం కూడా ఉంది, పరికించి చూస్తే కనబడుతుంది. రివేరా దాన్ని పారేయలేదు, పనిలో పెట్టాడు.

భారతదేశానికి వస్తే పటం మరీ తలకిందులవుతుంది. పారిస్ కుర్రాళ్లు తిరగబడింది అకాడమీ నేర్పే వాస్తవిక చిత్రణ మీద. అక్కడ అది ముసలిది, అధికారం ఉన్నది. మనదగ్గర అదే పద్ధతి బ్రిటిషువాళ్లు పెట్టిన కళాశాలల ద్వారా కొత్తగా దిగింది: మద్రాసులో 1850, కలకత్తాలో 1854, బొంబాయిలో 1857. రవివర్మ దాన్ని పట్టి దేవతలకు మాంసమూ నీడా ఇచ్చాడు. 1894లో ప్రెస్సు పెట్టి ఇంటింటి గోడకూ చేర్చాడు. కనుక ఇక్కడ తిరగబడేవాడు ఎటు తిరగాలి? అవనీంద్రనాథ్ ఠాగూర్ మొగల్ సూక్ష్మచిత్రాల వైపు, అజంతా వైపు, 1903లో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారుల వాష్ పద్ధతి వైపు తిరిగాడు. 1905లో ‘భారతమాత’ అలా వచ్చింది. యూరప్ కంటికి అది పాతకాలపు మెత్తని బొమ్మ, బెంగాల్ విభజన ఏట కలకత్తాకు అది ధిక్కారం. 1922 డిసెంబర్‌లో కలకత్తాలోనే జర్మనీలోని బౌహౌస్ కళాశాల నుంచి క్లే, కాండిన్‌స్కీ తదితరుల చిత్రాలు తెప్పించి, మనవాళ్ల బొమ్మల సరసన చూపారు. అందులో గగనేంద్రనాథ్ ఠాగూర్ క్యూబిస్టు చిత్రాలున్నాయి. 1959లో ఆంగ్ల విమర్శకుడు డబ్ల్యూ.జి. ఆర్చర్ వాటిని బలహీనమైన అనుకరణ అని తీసిపారేశాడు. చరిత్రకారుడు పార్థ మిత్తర్ దీనికి సూటిగా బదులిచ్చాడు: పికాసో ఆఫ్రికా ముసుగుల నుంచి తీసుకుంటే ప్రతిభ, భారతీయుడు పికాసో నుంచి తీసుకుంటే నకలు, ఇదెక్కడి న్యాయమని. నిజానికి గగనేంద్రనాథ్‌కు వస్తువును విడగొట్టి పరిశీలించడం మీద ఆసక్తి లేదు. ఆయనకు కావలసింది మెట్లు, తలుపులు, దూరంగా వెలిగే కాంతి, అంటే నాటకరంగం. క్యూబిజం ఆయనకు ఆ రంగస్థలానికి దీపాలు అమర్చుకునే పనిముట్టయింది. అన్నీ గొప్పవని అనను. కొన్ని అలంకారం దగ్గరే ఆగిపోయాయి. అయినా వాటిని పారిస్ తూకపు రాళ్లతో తూచడం తప్పు. అమృతా షేర్‌గిల్ 1934 చివర పారిస్ నుంచి తిరిగొచ్చాక అజంతా, కేరళ కుడ్యచిత్రాలు చూసి, 1937లో దక్షిణాది పల్లెజనాన్ని, బ్రహ్మచారులను గీసినప్పుడు గోగాన్ అందులో ఉన్నాడు, అజంతా ఎరుపూ ఉంది. ఏ బాణం కింద పెడతారు?

తెలుగునేలకు ఈ చర్చతో ఉన్న సంబంధం చిన్నదేమీ కాదు. రాజమహేంద్రవరంలో ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి ప్రోత్సహిస్తే బొంబాయి జె.జె. స్కూల్‌కు వెళ్లి చదివిన దామెర్ల రామారావు, తిరిగొచ్చి సొంత ఊళ్లో చిత్రకళాశాల పెట్టాడు. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. బొంబాయిలో నేర్పింది నిలువెత్తు మోడల్‌ను చూసి ఎముకా కండా పట్టుకోవడం, ఆయన మనసు పడింది అజంతా గీత మీద. ఈ రెండూ ఒకే కాగితం మీద కలిసి ఉండగలవా అన్నది ఆయన చిక్కు. బార్ పటంలో ఆ ఏళ్లకు ఎదురుగా డాడా, సర్రియలిజం ఉంటాయి కనుక రామారావు వెనకబడ్డట్టు లెక్క తేలుతుంది. ఆ లెక్క వేసేవాళ్లు రామారావు ఎదుట అసలు ఏ ప్రశ్న ఉందో అడగరు. కరీంనగర్ ప్రాంతపు పి.టి. రెడ్డి 1941లోనే బొంబాయిలో సమకాలీన చిత్రకారుల బృందం కట్టాడు. 1947 నాటి సూజా, రజా, హుసేన్‌ల ప్రోగ్రెసివ్ గ్రూప్ గురించి రాసేవారు ఈ పేరు దాటవేస్తుంటారు. ఇక అరువు ఎప్పుడూ ఒకవైపే అనుకునేవారు కృష్ణారెడ్డి పని చూడాలి. చిత్తూరు జిల్లాలో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని, 1950ల్లో పారిస్‌లో హేటర్ నడిపే అచ్చుబొమ్మల స్టూడియో అటెలియె 17లో చేరాడు. పలక మీద వేర్వేరు లోతుల్లో చెక్కి, నూనె పాళ్లు మార్చి ఇంకులు పలచగా, చిక్కగా కలిపి, మెత్తని, గట్టి రోలర్లతో ఎక్కిస్తే ఒక ఇంకు ఇంకొకదాన్ని దగ్గరికి రానివ్వదు. ఒక్క పలక, ఒక్క అచ్చు, ఎన్నో రంగులు. అక్కడి సహచరులతో కలిసి ఆయన అభివృద్ధి చేసిన ఈ పద్ధతిని ప్రపంచమంతటా ప్రింట్‌మేకర్లు నేర్చుకున్నారు. ఆధునిక కళ నడిబొడ్డున, రాయలసీమ మనిషి చేతిలో తయారైన పనిముట్టు ఇది.

చివరి అభ్యంతరం: ప్రతిదానికీ స్థానిక ప్రశ్న ఉందంటే ఇక మంచీ చెడూ తేల్చేదెలా? అచ్చమైన నకళ్లు లేవా? ఉన్నాయి, కావలసినన్ని. 1950ల తర్వాత మన నగరాల గ్యాలరీల్లో వేలాడిన త్రికోణాల్లో, చిమ్మిన రంగుల్లో చాలావాటికి పత్రికల్లో చూసిన బొమ్మ తప్ప వేరే కారణం లేదు. పరీక్ష కష్టమేమీ కాదు. శైలిని పక్కనపెట్టి, ఇది ఎవరి కోసం, ఏ వస్తువులతో, ఏ చిక్కు విప్పడానికి వేసిందో అడగాలి. జవాబు దొరకకపోతే అది నకలే, ఎంత కొత్తగా ఉన్నా సరే. జవాబు దొరికితే పాతగా కనబడ్డా ఆధునికమే. రామ్‌మనోహర్ లోహియా ప్రేరణతో, బదరీవిశాల్ పిత్తి అండతో హైదరాబాద్‌లో ఎం.ఎఫ్. హుసేన్ వేసిన రామాయణ చిత్రాలు ఈ పరీక్షకు నిలుస్తాయి. వాటిని ఎద్దుబండి మీద చుట్టుపక్కల పల్లెలకు తీసుకెళ్లి చూపారు. మనదగ్గర ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే ఆధారాలు, అంటే ఉత్తరాలు, అమ్మకం రసీదులు, ప్రదర్శన కరపత్రాలు, రంగు కొట్ల బిల్లులు, చిత్రకారుల ఇళ్లలో ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి, లేదా పాత కాగితాలవాడికి వెళ్లిపోతున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల లలితకళా విభాగాలూ విశ్వవిద్యాలయాలూ కొత్త విగ్రహాలకు పెట్టే ఖర్చులో కొంత పక్కకు తీసి, ముందు ఆ కాగితాలను సేకరించి స్కాన్ చేయించాలి. ఇంట్లో తాతగారి స్కెచ్‌బుక్కులు ఉన్న పాఠకులు దయచేసి వాటిని తూకానికి వేయకండి.